సలోమీ టీచర్ వేయించిన ఊలు చేప

మొన్న నా పుట్టినరోజని మా అమ్మాయి బీచ్ రోడ్డులో ఒక హోటల్‌కి తీసుకెళ్ళి జపాన్ వంటకం తెప్పించింది. పళ్ళెంలో తెల్లటి అన్నం ముద్దలు, ఒక్కోదాని మీద నారింజ రంగు పచ్చి చేప ముక్క. ఆ అన్నంలోని పులుపు వాసన ముక్కుకి తగలగానే నాకు నవ్వు ఆగలేదు. అందరూ చూస్తున్నారమ్మా అని పిల్ల బతిమాలుకుంది. ఏం చెప్పను? ఈ వంటకాన్ని నేను పద్నాలుగేళ్ళకే చేశాను. ఊలుతో, అదీ పసుపూ కారం పట్టించి, వేయించి మరీ. నా చేత చేయించినావిడ సలోమీ టీచర్.

తొంభైల చివర్లో జ్ఞానాపురంలోని ఒక ఆడపిల్లల బడిలో ఆవిడ మాకు కుట్లూ అల్లికలూ నేర్పేవారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. క్రోషియా సూదిని కొప్పులో దోపుకుని, గదంతా దాని కోసం వెతికేవారు. మేం చచ్చినా చెప్పేవాళ్ళం కాదు. దొరికాక మాతో పాటు ఆవిడా నవ్వేవారు. ఆవిడ పీరియడంటే మాకు అంత ఇష్టం. కానీ ఆ ఏడు పెద్ద టీచరమ్మ పిలిచి, వచ్చే ఏడాది కంప్యూటర్లు వస్తున్నాయి, గదీ కావాలి, పీరియడూ కావాలి, కుట్లు తీసేస్తామని చెప్పేశారట. కుట్లు పోతే టీచరూ పోవాల్సిందే. ఒక్క అవకాశం ఇవ్వమని ఆవిడ అడిగితే, బడి ఎగ్జిబిషన్‌లో కొత్తదేమైనా చూపించండి, టీవీ కవర్లూ బల్ల గుడ్డలూ మాత్రం వద్దు, అప్పుడు ఆలోచిద్దాం అన్నారట.

కొత్తది ఓడలో వచ్చింది. టీచర్‌గారి భర్త పోర్టులో పనిచేసేవారు. ఇనుప ఖనిజం కోసం వచ్చిన ఒక జపాన్ ఓడలో ఆఫీసరు, తన కూతురి కోసం కొన్న అల్లికల పుస్తకాన్ని ఆయనకి ఒక్క పూట అరువిచ్చాడు. దాన్నిండా పిల్లలు ఆడుకునే బుల్లి బుల్లి తిండి బొమ్మలే. టీచర్ పరుగున ద్వారకా నగర్ వెళ్ళి జిరాక్స్ తీయించుకొచ్చారు. ఇంగ్లీషులో సర్క్యులర్ వస్తే పక్క టీచర్ చేత చదివించుకునే మనిషి, ఆ జపాన్ కాగితాల్ని మాకు గడగడా చదివి వినిపించేశారు. అందులో మాటలతో పనిలేదు. సున్నా ఉంటే గొలుసు, కూడిక గుర్తుంటే పొట్టి కుట్టు, గీతల టోపీ ఉంటే పొడుగు కుట్టు. తెలియని గుర్తు వస్తే రెండు మూడు రకాలుగా అల్లి, ఏది బొమ్మలా వస్తే అదే అనేవారు. వారంలో మేం నలుగురం అమ్మాయిలం బొటనవేలంత అన్నం ముద్దలు చేయడం నేర్చేసుకున్నాం.

చిక్కల్లా రంగులతో వచ్చింది. జిరాక్స్‌లో అన్నీ నలుపూ తెలుపే. పుస్తకం చూసిన ఒక్క పూటా టీచర్ కళ్ళు కుట్ల మీదే ఉన్నాయి గానీ రంగుల మీద లేవు. ఓడేమో వెళ్ళిపోయింది. ఆదివారం మేం వాళ్ళింటి అరుగు మీద తలలు పట్టుకుని కూర్చుంటే, చేపల గంపతో వచ్చిన పోలమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. చేప ముక్కేనని వెంటనే పోల్చింది. అయితే పచ్చిదా, వండిందా అని టీచర్ అడిగారు.

"పచ్చి సేప పిల్లి తింటాది గానీ మనిసి తింటాడేటమ్మా? ఏపిందే."

చేపల విషయంలో పోలమ్మ మాటకి తిరుగేముంది? చేప ముక్కలు ఎర్రటి గోధుమ రంగులో, అంచున మాడు కూడా పెట్టి అల్లాం. వేపుడు చేప కింద ఉత్త అన్నం ఎవరు పెడతారు, పులిహోరే అయ్యుంటుందని టీచర్ తేల్చారు, దాంతో పసుపు ఊలు. పైన ఆకుపచ్చ దారంతో కరివేపాకు నా సొంత తెలివి. కొన్ని ముద్దల మీదున్న రొయ్యల్ని మాత్రం ఉడికిన రొయ్య రంగులో అల్లాం. భగవంతుడి దయవల్ల అవి సరిగ్గా కుదిరాయి.

ఎగ్జిబిషన్ రోజు మా బల్ల ముందు పిల్లలు విరగబడ్డారు. పెద్ద టీచరమ్మ కూడా వచ్చి నిలబడ్డారు. అప్పుడే మా బడి అమ్మాయి ఒకరి తండ్రి, ఓడల్లో ఉద్యోగం చేసే ఆయన, వంగి చూసి, ఇది జపాన్‌లో నేను చాలాసార్లు తిన్నానండీ, అన్నం తెల్లగా ఉంటుంది, చేప పచ్చిదే పెడతారు, ఈ ఆకేమిటో నాకు తెలియదు అన్నారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పెద్ద టీచరమ్మ మొహం ముడుచుకుంది. ఇన్నాళ్ళ కష్టం, టీచర్ ఉద్యోగం అన్నీ నా కరివేపాకుతో సహా మునిగిపోతున్నాయి. ఇది వైజాగ్ పద్ధతి సార్, కావాలనే ఇలా చేశాం అని అబద్ధం నాలుక చివరిదాకా తెచ్చుకున్నాను.

టీచర్ నన్ను పక్కకి జరిపి, ఒక స్టూలు లాగి ఆయన ముందు వేశారు.

"నాకు తెల్దు బాబూ. రంగుల్లేని కాయితం సూసి అల్లీసినాం. మీరు కూకోండి, ఏది ఏ రంగో సెప్పండి."

ఆయన కూర్చున్నారు. టీచర్ అక్కడికక్కడే వేపుడు ముక్క కుట్టు విప్పేసి, రొయ్యలకి వాడగా మిగిలిన నారింజ ఊలు తీసి మొదలుపెట్టారు. ఆయన చేప ముక్క మీద చారలు ఎటు వెళ్తాయో వేలితో గీసి చూపిస్తున్నారు, ఆవిడ అల్లేస్తున్నారు. నవ్వినవాళ్ళే ముందుకి తోసుకొచ్చారు. పావుగంటలో పచ్చి చేప తయారైంది. అది తనకే కావాలని ఆయన కూతురు పేచీ పెట్టింది. పెద్ద టీచరమ్మ చివరిదాకా కదల్లేదు. మర్నాడు పిలిచి, కంప్యూటర్లు వస్తాయి, కుట్లూ ఉంటాయి, వారానికి రెండు పీరియడ్లు చాలుతాయా అని అడిగారట.

ఆ సంతోషంలో మాకు బందరు లడ్డూలు పంచుతుంటే, ఉద్యోగం పోయేది కదా టీచర్, అలా ఎలా చెప్పేశారు అని అడిగాను.

"అబద్దమాడితే ఆ బాబు నవ్వీసి ఎల్లిపోవును. తెల్దన్నాను గనక కూకున్నాడు."

ఇప్పుడు నేను ఓడల డ్రాయింగులు గీసే ఆఫీసులో ఒక సెక్షన్ చూస్తున్నాను. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళు నాకు తెలియని పద్ధతులు తెస్తుంటారు. అర్థమైనట్టు తల ఊపి పంపేయడం చాలా తేలిక, పెద్దరికం కూడా నిలుస్తుంది. నాకూ ఆ ఆశ ప్రతిసారీ పుడుతుంది. కానీ టీచర్ మీద ప్రేమ దానికంటే పెద్దది. అందుకే తెలియదని చెప్పడానికి నోరు పెగలక ముందే, చేయి వెళ్ళి వాళ్ళకో కుర్చీ లాగుతుంది.