డిసెంబరు పూలలో తెల్లని సందులు

నా భార్య వల్ల నాకు జరిగిన అన్యాయాలను, ఎప్పటికప్పుడు రాసిపెట్టుకున్న ప్రకారం, ఈ కింద పొందుపరుస్తున్నాను.

1976 డిసెంబరు: నేను అచ్చువేసి ఆరబెట్టిన క్రిస్మసు కార్డులన్నిటి మీదా నన్ను అడగకుండా కుంచె పెట్టింది.

1977 డిసెంబరు: అడిగింది. వద్దన్నాను. పెట్టింది.

1979 డిసెంబరు: అమలాపురం నుంచి మా అక్కయ్యగారు జవాబు రాస్తూ, "మరదలి చేతిపని ముచ్చటగా ఉంది" అన్నారు. నా ఊసే లేదు.

1984 డిసెంబరు: ఏ కార్డునూ వదలని మనిషి, ఒక్క కార్డును మాత్రం ముట్టుకోలేదు. అన్నిటిలోకీ నన్ను ఎక్కువ కష్టపెట్టినది ఇదే.

అప్పట్లో మేము రాజోలులో ఉండేవాళ్లం. నేను బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. బజారులో దొరికే కార్డుల మీద మంచుకొండలూ, పొగగొట్టాల ఇళ్లూ ఉండేవి. మా చుట్టాల్లో ఒక్కరూ మంచుకొండను చూసినవారు కారు. మా కంచె మీద ఊదారంగు డిసెంబరు పూలు విరగబూస్తుంటే, మరొకరి చలికాలాన్ని డబ్బిచ్చి కొనడం నాకు సబబుగా తోచలేదు.

ఆసుపత్రివారు పారేసిన ఎక్స్‌రే ఫిల్మును చాకలిసోడా కలిపిన వేడినీళ్లలో నానబెట్టి రుద్దితే ఎముకలన్నీ కరిగిపోయి, అద్దంలాంటి రేకు మిగిలేది. దాని మీద పువ్వును గీసి బ్లేడుతో కోసేవాణ్ణి. అదే నా స్టెన్సిలు. పూరేకుకూ పూరేకుకూ మధ్య సన్నని పట్టీని కోయకుండా వదలాలి. లేకపోతే పువ్వు మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. పట్టీ ఉన్నచోట రంగు పడదు గనక, అచ్చులో ఆ మేరకు తెల్లని సందులు మిగిలిపోతాయి. దూదిని గుడ్డలో చుట్టి, నీటిరంగులో అద్ది, పాత పంచె ముక్క మీద ఒత్తి, దాదాపు పొడిబారాకనే కాగితం మీద తట్టాలి. తడి ఏమాత్రం ఎక్కువైనా రంగు అంచు కిందికి పాకుతుంది. ఈ పద్ధతిలో నేను ఎన్నడూ తొందరపడలేదు.

"ఈ సందులేంటండీ? పువ్వు తెగిపోయినట్టుంది" అనేది ఆమె.

"స్టెన్సిలు పద్ధతే అది. అలాగే ఉండాలి."

"ఆయ్" అని ఎంతో మర్యాదగా తలూపేది. నేను బడికి వెళ్లగానే సన్నకుంచె తీసుకుని, సందులన్నీ పూడ్చేసేది. సాయంత్రం నిలదీస్తే, "పండక్కి మనవాళ్లకి తెగిన పూలు పంపుతామా అండీ? కావలిస్తే మీ లెక్కల పుస్తకంలో దాచుకోండి" అనేది.

పూడ్చిన పువ్వు ప్రాణం వచ్చినట్టు ఉండేదని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. నేను కోరింది ఒక్కటే: తాను చెయ్యి పెట్టకముందు, ఏదో ఒక కార్డును చూసి, ఒక్కసారి, "బాగుందండీ" అనాలని. ఆ మాట నాకు దక్కలేదు.

1984లో మా అత్తగారికి జబ్బు చేస్తే, నా భార్య అంతర్వేదిలోని పుట్టింటికి వెళ్లింది. ఆ పండుగకు కార్డులు నేనొక్కణ్ణే వేశాను. ఎవరూ అడ్డురాని ఇంట్లో పని త్వరగా సాగవలసింది, సాగలేదు. ఆమె పేరిట కూడా ఒకటి వేసి, సందులు అలాగే ఉంచి, టపాలో పంపాను. "నువ్వు పూడ్చుకో" అని రాద్దామనుకుని, కలం మూసేశాను.

అత్తగారు కోలుకున్నారు. నా భార్య తిరిగివచ్చిన రోజునే ఆ కార్డును సంచిలోంచి తీసి, వంటగది గోడకు, చేతికి అందే ఎత్తులో తగిలించింది. సందులు తెల్లగానే ఉన్నాయి. రంగులపెట్టె, సన్నకుంచె ఆమె కంటపడేలా బల్ల మీద పెట్టాను. వాటిని తుడిచి అలమరలో సర్దింది.

ఉండబట్టలేక అడిగాను.

"కార్డు చూసేవా?"

"ఆయ్, చూసేనండీ."

"మరి సందులు పూడ్చలేదే?"

"ఆయ్."

"బాగుందనా, లేక పట్టించుకోలేదనా?"

"పప్పు మాడుతోందండీ" అని పొయ్యివైపు తిరిగింది. నవ్విందో లేదో వెనక నిలబడ్డవాడికి ఎలా తెలుస్తుంది? పప్పు మాత్రం మాడలేదు. ఆ పూట తిన్నవాణ్ణి నేనే.

ఆ తరువాతి పండుగకు మళ్లీ అందరి కార్డుల మీదా కుంచె పెట్టింది. గోడ మీది దాని జోలికి మాత్రం వెళ్లలేదు. ఈనాటి వరకూ వెళ్లలేదు.

కావున, అంతర్వేదికి పంపిన సదరు కార్డును ముట్టుకోకపోవడానికి కారణమేమిటో, అది నచ్చినందువల్లనేనా కాదా, స్పష్టంగా కాగితం మీద రాసి, సంతకం చేసి, నా చేతికి ఇవ్వవలసిందిగా నా భార్యను ఇందుమూలంగా కోరుతున్నాను. నోటిమాటగా చెప్పే "ఆయ్"ను జవాబుగా స్వీకరించను.