తాబేలుకి దక్కని క్షమాపణ

జిప్పులావిడకి వరసలో నిలబడటమంటే ఒంటికి కారం రాసుకున్నట్టే. మందుల షాపు కానివ్వండి, పాల డిపో కానివ్వండి, ముందు నలుగురుంటే చాలు, ఆవిడ కాళ్ళు ఒకచోట నిలవవు. బరువు కాసేపు కుడికాలి మీద, కాసేపు ఎడమకాలి మీద వేస్తూ, ముందువాళ్ళ వీపుల్ని చూపులతోనే నెడుతూ ఉంటుంది. కౌంటరు దాకా వచ్చాక తీరిగ్గా "ఇంకేం కావాలబ్బా" అని గడ్డం గోక్కునేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండిపోతుంది. "ఇంటిదగ్గరే ఆలోచించుకుని రాకూడదూ?" అని పైకే అనేస్తుంది. అందుకే షాపు తలుపులు తీసే వేళకే వెళ్తుంది. కుదరకపోతే సిటీ బస్సు నడిపే మొగుణ్ణి పంపుతుంది. ఆయనది రోజంతా సిగ్నళ్ళ దగ్గర ఆగి ఆగి పండిపోయిన ఓపిక.

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ అక్కర్లేదు. మేడమెట్ల కింద ఇరుకైన కొట్టు, ఒక కుట్టుమిషను, డబ్బాల నిండా రంగురంగుల జిప్పులు. బ్యాగులకీ కోట్లకీ పాడైన జిప్పులు మార్చడమే పని. ఊడిన జిప్పుని రెండుసార్లు అటూ ఇటూ లాగి చూసి, "పళ్ళు బాగానే ఉన్నాయి, పట్టే బుద్ధే లేదు" అంటుంది. బాగుచేయడంలో మాత్రం ఆవిడంత ఓపికమంతురాలు లేదు. ఓపికంతా అక్కడే ఖర్చయిపోతుందని మొగుడి వేళాకోళం.

వరసలంటే ఆవిడకున్న ఈ మంటకి మూలం నలభై ఏళ్ళ కిందటి ఒక కుళాయి.

ఆవిడ చదివిన బడిలో ఆరో తరగతికంతటికీ ఒకటే కుళాయి. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు దాని ముందు వరస కట్టాలి. వరస చూసే పెత్తనం క్లాసు మానిటరుది. ఆ పిల్ల చెక్క స్కేలు పట్టుకుని కుళాయి పక్కన నిలబడి ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పేది. టీచర్ల ముందు నోట్లో వేలు పెట్టినా కొరకలేనట్టుండేది. వాళ్ళు అటు తిరిగారా, ఇక చూడాలి. అప్పట్లో జిప్పులావిడ పీలగా ఉండి, అన్నయ్య వాడి పడేసిన పెద్ద సంచి వీపుకి తగిలించుకుని వచ్చేది. మానిటరు ఆమెకి తాబేలు అని పేరు పెట్టింది. స్కేలుతో ఆ సంచి మీద టకటకా కొట్టి, "తాబేలూ, లోపలున్నావా? ఉంటే చివరికి నడు" అనేది. క్లాసంతా పడీపడీ నవ్వేది. తాబేలు చివరికి నడిచేది. ఆమె వంతు వచ్చేసరికి రెండో గంట కొట్టేసేవారు. లెక్కల క్లాసంతా నాలుక అంగిలికి అంటుకుపోయి కూర్చునేది.

ఇంట్లో చెప్తే వాళ్ళమ్మ, "నువ్వు వాళ్ళ జోలికి పోకు" అంది. పోయిందెవరు?

నవ్విన నాపచేనే పండుతుందని సామెత. ఆ ఒక్క సామెత పట్టుకునే ఆమె ఆ బడిలోంచి బయటపడింది.

కిందటేడు వీధి మలుపులో ఒక రొట్టెల దుకాణం తెరిచారు. సాయంత్రం నాలుగింటికి వేడివేడి పాలరొట్టె పొయ్యిలోంచి తీస్తారు. దూదిలా ఉంటుంది. జిప్పులావిడ అత్తగారికి నోట్లో పళ్ళు లేవు. మొదటిరోజు కొడుకు తెచ్చిన ముక్క తిని, ఆ ముసలావిడ ఇక వేరే తిండి చూస్తే మొహం తిప్పేసింది. మొగుడికి డ్యూటీ మారడంతో ఆ పని కోడలి మీద పడింది.

"రొట్టె కోసం నిలబడ్డానికి అంత ఏడుపెందుకమ్మా? రేపు పైకి పోయినా అక్కడా వరసే" అంది అత్తగారు.

"అయితే మీరు ముందు నిలబడి నాకు చోటు పట్టండి అత్తయ్యా" అని విసురుగా సంచీ తీసుకుని వెళ్ళింది జిప్పులావిడ.

దుకాణం ముందు ఇరవైమంది దాకా ఉన్నారు. ఆవిడ చివర నిలబడి కాళ్ళు మార్చడం మొదలెట్టిందో లేదో, లోపల్నించి ఒక గొంతు వినిపించింది: "వరస, వరస! తోసుకోకండి, అందరికీ ఉంది!"

జిప్పులావిడ మెడ సాచి లోపలికి చూసింది. జుట్టు నెరిసినా, ఒళ్ళు చేసినా, ఆ గొంతు మారలేదు. మానిటరే!

మానిటరు ఇప్పుడు అందరికీ రొట్టెలక్కయ్య. ముసలాళ్ళని "నాన్నా, మోకాలెలా ఉంది?" అని అడుగుతుంది. చంటిపిల్లల బుగ్గలు నిమిరి చిన్న ముక్క చేతిలో పెడుతుంది. అరగంట నిలబడ్డవాళ్ళు కూడా ఆవిడ ముందుకి రాగానే నవ్వుతారు. నలభై ఏళ్ళకి పండింది నవ్వినవాళ్ళ చేను. జిప్పులావిడకి కడుపులో పొయ్యి రాజుకుంది. రొట్టె మాడిపోకూడదా? ఒక్కరైనా ఉప్పు తక్కువైందని అనకూడదా? ఒక్కరూ అనలేదు. తన వంతు వచ్చినప్పుడు మానిటరు ఆమె కళ్ళలోకి చూసి, "కొత్తగా వస్తున్నారా అమ్మా?" అని తియ్యగా నవ్వింది. జిప్పులావిడ రొట్టె లాక్కున్నట్టు తీసుకుని వచ్చేసింది. అది కాస్త చప్పగా ఉంటే బాగుండునని దారిలోనే ముక్క తుంచి నోట్లో వేసుకుంది. ఎంత బాగుందో! ఆ బాగుండటమే ఇంకా మండించింది.

అలా రెండు నెలలు గడిచాయి. ఒకరోజు ఆవిడ వరస మధ్యలో ఉండగా, తెల్ల చీరలో ఒక నర్సు వచ్చి, వరస వంక చూడకుండా పక్కతలుపు దగ్గరికి వెళ్ళింది. మానిటరు పరిగెత్తినట్టు వెళ్ళి ఆమెకి రొట్టె అందించింది.

జిప్పులావిడ ఊరుకోలేదు. "ఏవండీ, ఇక్కడ నిలబడ్డవాళ్ళం పనీపాటా లేనివాళ్ళమా?"

మానిటరు కౌంటరు ముందుకొచ్చి, నర్సు భుజం మీద చెయ్యి వేసింది. "కోప్పడకండమ్మా. ఈమె నాతో చదువుకుంది. మెల్లకన్నని ఏడిపించి, నీళ్ళ వరసలోంచి రోజూ వెనక్కి నెట్టేదాన్ని. అంత పాపిష్టిదాన్ని. కాళ్ళు పట్టుకుని క్షమించమన్నాను. నేను బతికున్నంతకాలం నా కొట్టు దగ్గర ఈమె వరసలో నిలబడకూడదు." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. వరసలో ఉన్న ముసలాయన కూడా తుడుచుకున్నాడు. "ఎంత మనసమ్మా!" అని ఎవరో అన్నారు.

నర్సు తల వంచుకుని వెళ్ళిపోయింది.

జిప్పులావిడ అప్పుడు గుర్తుపట్టింది. కుళాయి వరసలో తన ముందు నిలబడిన పిల్ల! చివరినుంచి రెండోది! ఆమెకి దక్కిన క్షమాపణ, అసలు చివరిదాన్నైన నాకెందుకు దక్కలేదు? మెల్లకన్ను పాటి చేయలేదా నా దాహం?

ఇంటికొచ్చి సంచీ బల్ల మీద విసిరికొట్టింది. మొగుడు యూనిఫాం గుండీలు విప్పుకుంటూ అంతా విన్నాడు.

"అడగందే అమ్మైనా పెట్టదు. వెళ్ళి నేను ఫలానా అని చెప్పు."

"క్షమాపణ అడుక్కుని తెచ్చుకోవాలా?"

"మరి జిప్పు చెడిందని చెప్పకుండా నీకెలా తెలుస్తుందే?"

మొగుడికి అన్నీ చెప్పింది గాని ఒక్క సంగతి చెప్పలేదు. ఆరో తరగతి చివర్లో, ఎండలు ముదిరిన రోజుల్లో, తాబేలు ఒకరోజు మానిటరు కంటే ముందు తానే "మెల్లకన్నూ, వరస ఇటుందే!" అని అరిచింది. మానిటరు విరగబడి నవ్వి, స్కేలుతో మెల్లకన్నుని చివరికి పంపింది. ఆ వారమంతా తాబేలు రోజూ అలాగే అరిచి, రోజూ నీళ్ళు తాగింది.

మూడోరోజు జిప్పులావిడ ధైర్యం కూడగట్టుకుని, దుకాణం తెరవగానే వెళ్ళింది. వరస లేదు. మానిటరు ట్రేలు తుడుస్తోంది.

"నేను కూడా నీ క్లాసే" అంది జిప్పులావిడ. "తాబేలుని."

మానిటరు గుడ్డ పక్కన పెట్టి పరీక్షగా చూసింది. మొహం వెలిగింది. "ఉడుతవి కదూ? మా ముందు బెంచీ?"

"కాదు. తాబేలు. పెద్ద సంచి."

"తాబేలు..." మానిటరు చాలాసేపు పైకి చూసింది. ఎంత తవ్వినా నీళ్ళు పడలేదు. "ఏమో తల్లీ, చాలామందిని అన్నాను. నిన్ను కూడా అని ఉంటే క్షమించు. ఈ రెండు రొట్టెలు తీసుకుపో."

అని ఉంటే! కొత్తగా ఆ ఉడుత మీద కూడా అసూయ పుట్టింది. ఆ పిల్లైనా గుర్తుంది. జిప్పులావిడ రొట్టెలు అక్కడే వదిలేసి వచ్చి, ఆరోజు కుట్టిన నాలుగు జిప్పులూ వంకరగా కుట్టి, మళ్ళీ విప్పుకుంది.

ఆ వారమే నర్సు తన డ్యూటీ సంచీ పట్టుకుని కొట్టుకొచ్చింది. జిప్పు సగంలో ఇరుక్కుపోయింది. జిప్పులావిడ దాన్ని లాగుతూ, తలెత్తకుండా అంది: "మీకేం, అదృష్టవంతులు. వరస లేదు, రొట్టె చేతిలోకి వస్తుంది."

నర్సు స్టూలు మీద కూర్చుంది. "కావాలంటే ఆ అదృష్టం నువ్వు తీసుకో. నాకు ఆపరేషనై కన్ను సరిగ్గా అయి పాతికేళ్ళు. ఆస్పత్రిలో ఒక్కరికి తెలియదు. ఇప్పుడు ఊరంతా నా కన్ను వంకే చూస్తోంది. ఆవిడ ఎవరడిగినా నలుగురి ముందూ ఏడ్చి తేలికపడుతుంది. బరువు నా మీద పెడుతుంది."

"మరి ఎందుకు వెళ్తారు?"

"మా నాన్నకి ఆ రొట్టే కావాలి. వరసలో నిలబడతానంటే వినదు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్తుంది." నర్సు సూటిగా చూసింది. "నిన్ను మర్చిపోయిందటగా, మొన్న ఆవిడే చెప్పింది. ఎంత హాయి!"

జిప్పులావిడ చేతిలో కత్తెర ఆగిపోయింది. తన మీద ఒకరు అసూయపడటం ఆమె జీవితంలో అదే మొదటిసారి. ఎలా పట్టుకోవాలో తెలియలేదు.

"నేను తాబేలునని మీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు వరసలోంచి అరిచావు చూడు, ఆరోజే. ఆ గొంతు నాకు బాగా గుర్తు."

జిప్పులావిడ చెవులు వేడెక్కాయి. ఏ అరుపు సంగతి అంటోందో అడిగే ధైర్యం లేక, జిప్పు మార్చి, సంచీ ఇచ్చేసింది. నర్సు వెళ్ళబోతుంటే మాత్రం జిప్పులావిడే, "రేపు నేను చోటు పట్టి ఉంచుతాను, నాతో నిలబడండి. ఇద్దరం కలిసుంటే లాక్కెళ్ళలేదు" అంది.

మర్నాడు ఇద్దరూ నిలబడ్డారు. జిప్పులావిడ ముందు, నర్సు వెనక. మానిటరు పక్కతలుపు తీసి, "ఇదేంటమ్మా, నువ్వక్కడా?" అని పిలిచింది. జిప్పులావిడ నర్సు మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేనిక్కడే ఉంటాను. ఇక నా కన్ను సంగతి కూడా ఎవరికీ చెప్పొద్దు" అంది నర్సు, ఇంజెక్షను ఇచ్చేటప్పటి గొంతుతో.

మానిటరు మొహం చిన్నబోయింది. ఏదో అనబోయి, వరసంతా తనవైపే చూస్తుంటే తలుపు మూసుకుంది. జిప్పులావిడకి సంతోషం కలిగింది కానీ, అనుకున్నంత కలగలేదు. మానిటరు ఈమె కోసం చిన్నబుచ్చుకుంది, తన కోసం కాదు. ఆ మంట ఇంకా కొంచెం ఉంది, బహుశా ఎప్పటికీ ఉంటుంది.

ఎండ చురుక్కుమంటోంది. ఇంకా పదిమంది ఉన్నారు. కాళ్ళు మార్చకుండా నిలబడటానికి ఆమె తంటాలు పడింది. చివరికి వెనక్కి తిరగకుండానే అంది:

"ఆ వారం నేను నిన్ను... నీళ్ళ దగ్గర... తప్పు చేశాను. మరి దాహమేసింది."

వెనక నర్సు సంచీని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

"నాకూ వేసింది" అంది నర్సు. తర్వాత, "జరుగు. ముందు ఖాళీ వచ్చింది" అని, వీపు మీద చెయ్యి వేసి మెల్లిగా ముందుకి నడిపించింది.