చెమర్చిన సబ్బులు, సంతోషమ్మగారు

అక్షరమునకు అధిదేవతయైన తల్లికి కేలు మోడ్చి, శోకభారమున వంగిన లేఖినిని ఎత్తుచున్నాను.

శుభకృన్నామ సంవత్సర కార్తిక బహుళ ద్వాదశి నాటి ప్రాతఃకాలమున, జువ్వలదిన్నెలో సంతోషమ్మగారు తాము నమ్మిన ప్రభువు సన్నిధికి చేరిరను వార్త కావలిలోని మా వాకిటికి వచ్చెను. తెచ్చినవాడు చేపలగంపల బండివాడు. "అయ్యవారూ, మన సబ్బుల పంతులమ్మ పోయిందయ్యా. జొరం జొరం అంటానే పోయింది" అని వాడు తలపాగ విప్పి కన్నులొత్తుకొనెను. సంధ్యకై దోసిట పట్టిన నీరు నా వ్రేళ్ళ సందులనుండి జారిపోయినది.

పాఠశాలలో నేను ఆంధ్రపండితుడనుగా, ఆమె బాలికలకు చేతిపనులు నేర్పు ఉపాధ్యాయినిగా చిరకాలము కలిసి పనిచేసితిమి. ఆమె క్రైస్తవురాలు, అవివాహిత. నేను మడి విడువని వైదికుడను. ఒకనాడు ఆమె తాను చేసిన సబ్బుబిళ్ళ నొకటి నా బల్లపై పెట్టి, "పండితుల వారూ, ఇందులో కొవ్వు లేదు, ఉత్త టెంకాయ నూనె. మీ మడికి పనికొస్తుందా?" అని అడిగిరి. "మడికి సబ్బేమిటమ్మా!" అంటిని. "అయితే మడి కట్టుకునేదానికి ముందు రుద్దుకోండి" అని ఆమె తాపీగా బదులిడిరి. నాకు నవ్వాగలేదు. నాటినుండి మా యింట వేరు సబ్బు ఎరుగము.

ఉద్యోగవిరమణానంతరము ఆమె జువ్వలదిన్నెలో పెంకుటిల్లొకటి తీసికొని, చేపలవేటకు పోవు వారి ఇల్లాండ్రకు ఆ సబ్బుల విద్యనే నేర్పసాగిరి. వారిలో చెంచమ్మ యను యువతి యుండెను. ఆమె పెనిమిటి వేటకు పోయి మరలి రాలేదు. చంకన పసిబిడ్డ. సబ్బుల పని తప్ప ఆ తల్లీబిడ్డలకు మరియొక ఆధారము లేదు.

ఒక కార్తికమాసమున నేనక్కడికి పోయినప్పుడు జరిగినది నా కన్నుల యెదుట నిలిచియున్నది. తూర్పుగాలి తెరపి లేక వీచుచుండెను. నూనెపాకమును తెడ్డుతో కలిపి, అచ్చున పోసి, గట్టిపడగా కోసి వెదురుతట్టలపై ఆరబెట్టిన బిళ్ళల నిండ ముత్యములవంటి నీటిబొట్లు. స్త్రీలందరు తట్టల చుట్టు గుమిగూడిరి. "సబ్బు ఏడస్తా ఉండాది" అనినదొక ముదుసలి. "మొగుడు పోయినదాని చేత తెడ్డు పట్టిస్తే ఏడవక నవ్వతాదా? దాన్ని ఇంక పాకం కాడికి రానియ్యబాకండి." చెంచమ్మ బిడ్డను ఎత్తుకొని, బయట ఇసుకలో కూలబడెను.

సంతోషమ్మగారు ముదుసలిని గద్దింపలేదు. ఊరి వేటవారికి పెద్దయైన పెద్దకాపు భార్య కోటమ్మను పిలిచిరి. నిండు ముత్తైదువ, పుత్రవతి, ఏ పేరంటమునకైనను తొలిబొట్టు అందుకొనునది. "కోటమ్మా, రేపు నీ చేత్తో ఒక పాకం కలుపు. రెండూ పక్కపక్కన పెడదాం" అనిరి.

కొన్ని దినములకు నేను మరల పోవునప్పటికి చెంచమ్మ తట్టయు కోటమ్మ తట్టయు సరిసమానముగ చెమర్చియుండెను. కోటమ్మ నడుమున చేతులుంచుకొని, "ఓయమ్మా! నా మొగుడు గడపలో కూచోని వల అల్లతా ఉండాడు గదే! మరి నాది ఎందుకు ఏడస్తా ఉండాది? వాణ్ణి ఒకతూరి గిల్లి చూసి రాండే, బతికుండాడో లేడో!" అనగా ఇల్లంతయు నవ్వులతో నిండెను. ఆ నవ్వులోనే సంతోషమ్మగారు బయటికి పోయి, చెంచమ్మ చేయి పట్టి లోనికి తెచ్చి, తెడ్డు అందించిరి. "ఇది కన్నీరు కాదమ్మా, చెమట. సబ్బు గాలిలో తేమను పీల్చుకుంటుంది. కలిపినవాళ్ళ నొసలు చూడదు" అనిరి.

గట్టిపడునని ఆ స్త్రీలు పాకమున వేయుచుండిన ఉప్పు పండించు కొటారుల ముడి ఉప్పును ఆమె మాన్పించిరి. ఆ ఉప్పే తేమను మరింత పిలుచునని ఆమె భావము. తేమను లాగుటకై, కాల్చిన గుల్లసున్నమును గది మూలల కుండలలో పెట్టించి, అది తేమకు విరిగి పిండియైనపుడెల్ల మార్పించుచుండిరి. కడలివైపు కిటికీ మూయించి, బిళ్ళకు బిళ్ళకు ఎడము పెట్టించిరి. తొందరపడి ఎండలో పెట్టినను, తడిమీదనే కాగితము చుట్టినను ఆమెకు మహాకోపము. అట్లు చుట్టిన బిళ్ళలను విప్పించి మరల తట్టకెక్కించుటలో ఆమెకు దయాదాక్షిణ్యములు లేవు. "ఎండకు పెడితే పగులుతుంది, చుట్టేస్తే చెడుతుంది. పక్కన ఉండి గాలాడనివ్వండి, అంతే" అనునది ఆమె నిత్యవాక్యము. దుఃఖమున నున్నవారి యెడలను ఆమె వర్తన మట్టిదే. ఓదార్పుమాటలతో ఎవరిని ఊపిరాడకుండ చేయలేదు, ఎవరిని విడిచియు పోలేదు.

భూస్థాపన జరిగిన సాయంకాలము నేను ఆ ఇంట నుంటిని. ఆమె పోయించిన కడపటి పాకము తట్టలపై చెమర్చియుండెను. కలిపినది చెంచమ్మయే. ఆ ముదుసలి మరల గొణిగెను. "అది కలిపినాది, పంతులమ్మ పోయినాది. చూడండి, మళ్ళా ఏడస్తా ఉండాది." చెంచమ్మ గడప దాటి లోనికి రాలేక నిలిచిపోయెను. ఇక ఆమె చేయి పట్టి తేగలవారెవరు? అంతలో కోటమ్మ లేచి, "నోరు ముయ్ అత్తా! నా మొగుడు బతికుండంగా నాదీ చెమర్చినాది, నువ్వు గూడా చూసినావు. పంతులమ్మ చెప్పి పోయినమాట పంతులమ్మతోనే పూడస్తామా?" అనెను. ముదుసలి తట్టను విడిచి ప్రక్కకు జరిగెను. అది సమ్మతియో, మృతురాలి యెడ మర్యాదయో నాకు తెలియలేదు.

అమ్మా సంతోషమ్మా! శాస్త్రములు చదివిన నోటితో నీకు నివాళి యర్పించుచున్నాను. నీవు లేని ఆ తీరమున నీ నెమ్మది మరియొకరికి అబ్బునని నాకు తోచదు. నా వాకిట నీ సబ్బు అరగి అరగి చంద్రరేఖ యైనది. దానిని వాడుటకు నాకు చేయి రాకున్నది.

పుష్య శుద్ధ పంచమి నాడు, ఆమె పోయించిన ఆ కడపటి పాకపు సబ్బులు ఆరినవి. ఆనాడే కొత్త పాకమునకు కోటమ్మ నూనె పోసెను, చెంచమ్మ తెడ్డు పట్టెను.