మా సూది చెప్పిన నలభై

మా ఆవిడ బస్సెక్కదు. చిన్నప్పుడు భద్రాచలం అడవి దారిలో ఆమె కూర్చున్న జీపు మలుపులో పల్టీ కొట్టింది. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు కానీ, భయం మాత్రం ఆమెతోనే ఉండిపోయింది. బస్సులో వేగం చూపే మీటర్ తనకు కనబడదని ఆమె అభ్యంతరం. మా పాత అంబాసిడర్‌లో మీటర్ డ్యాష్‌బోర్డు నడుమ ఉంటుంది, ఇద్దరికీ కనబడుతుంది. సూది నలభై దాటనంతవరకు కూర్చుంటుంది. దాటితే దిగి నడుస్తానంటుంది. ఒకసారి పాల్వంచ దగ్గర నిజంగానే దిగి నడిచింది, నేను వెనకే కారులో బతిమాలుకుంటూ వెళ్లాను.

వాళ్లక్క బూర్గంపాడులో ఉంటుంది. మోకాళ్లు అరిగి ఎటూ కదల్లేదు. నెలకోసారి మేమే ఖమ్మం నుంచి వెళ్తాం. అక్కాచెల్లెళ్లు ముఖాలు చూసుకోవాలంటే ఆ సూదిని నమ్ముకోవాల్సిందే.

నేనా, సత్తుపల్లి బొగ్గు గనుల ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ తోలి రిటైరైనవాణ్ణి. ఖాళీ రోడ్డు మీద నలభై అంటే నాకు ఒళ్లు మంట. ఆటోలు హారన్ కొట్టి మరీ దాటిపోయేవి. నాలుగేళ్ల కింద గుంతల బాధ పడలేక కొంచెం పెద్ద టైర్లు వేయించాను. ఆ తర్వాత బండి హుషారుగా పోతున్నట్టు తోచి ఫోన్లో వేగం చూస్తే యాభై. మీటర్లో మాత్రం నలభై. ఆవిడ పక్కన నిశ్చింతగా పల్లీలు ఒలుచుకుంటోంది. ఎవరికి నష్టం అనుకుని నోరు మూసుకున్నాను. నాలుగేళ్లు మూసుకునే ఉన్నాను.

మొన్న వేసవిలో సూది వణకడం మొదలుపెట్టింది. ముప్పైకీ అరవైకీ మధ్య ఊగుతోంది.

"సూది నిలబడేదాక నేనెక్క" అంది ఆవిడ. రెండు నెలలు వెళ్లలేదు. అక్క ఫోన్ చేసినప్పుడల్లా ఈమె వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకునేది.

ఖమ్మంలో పాత మీటర్లు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. తాతల కాలం నుంచి గడియారాల పని చేసే సాయిబుల ఇంటివారు. ఆవిడ కూడా కారు వెనకే నడుచుకుంటూ వచ్చింది, నా ఒక్కడి మాట నమ్మదు మరి. నేను ఆయన్ని పక్కకు పిలిచి, "చాచా, వణుకుడు ఒక్కటి ఆపితే చాలు, ఇంకేం ముట్టకు" అన్నాను.

ఆయన మీటర్ కేబుల్ తీసి, తుడిచి, గ్రీజు పెట్టి బిగించారు. సూది నిలబడింది. నేను తాళం అందుకునేలోపే ఆయన వెళ్లి వెనక సీట్లో కూర్చున్నారు.

"రోడ్డు మీద చూడకుండ నేను మీటర్ ఇయ్యను. డ్రైవర్ కండ్లు రోడ్డు మీదుండాలె. గడియారం పక్క సీటోళ్లే పట్టాలె. మా నాయన గట్లనే చేసేటోడు" అంటూ ఆవిడ చేతిలో పాత స్టాప్‌వాచీ పెట్టారు. "అమ్మా, సూది నలభై మీద ఉంటే కిలోమీటరు రాయికీ రాయికీ నడుమ తొంభై సెకన్లు పట్టాలె."

నాకు దొంగకు తేలు కుట్టినట్టయింది. కొత్తగూడెం రోడ్డులో సూదిని నలభై మీద నిలబెట్టాను. ఒక కిలోమీటరు రాయి దాటగానే ఆవిడ మీట నొక్కింది, మళ్లీ రాయి రాగానే ఆపింది.

"డెబ్బై రెండు" అంది.

"అంటే యాభై మీద పోతున్నం. పెద్ద టైర్లు, మీటర్ లోపల అయస్కాంతం గూడ నీరసపడ్డది, అందుకే సూది తక్కువ చూపిస్తున్నది" అన్నారాయన. "ఎన్నేండ్లయింది సాబ్ టైర్లు మార్చి?"

"నాలుగు" అన్నాను.

"నీకు తెల్సా?" అని అడిగింది ఆవిడ. ఆమె ఆ గొంతుతో అడిగితే నేను అబద్ధం చెప్పలేను. తలూపాను.

దుకాణానికి తిరిగొచ్చి, ఆయన మీటర్ విప్పి సరిచేసి, మళ్లీ రోడ్డెక్కించారు. ఈసారి సరిగ్గా తొంభై. ఆయన్ని దింపాక ఆవిడ, "బూర్గంపాడుకే పోనియ్యి" అని మాత్రం అంది. అసలైన నలభై ఎంత నత్తనడకో మళ్లీ తెలిసొచ్చింది. కొత్తగూడెం దాటాం.

"నీ భయం చూసే చెప్పలేదే" అన్నాను చివరికి.

"భయం నాది గదా. నాలుగేండ్లు యాభై మీద కూసున్న. కూసున్నట్టు నాకే తెల్వకపాయె."

 ఆమెకు మేలే చేశానని ఇన్నాళ్లూ లోలోపల మురిసిపోయినందుకు సిగ్గేసింది.

కాసేపటికి, "యాభైకి తియ్యి. నేను చూస్త" అంది.

తీశాను. నాలుగేళ్లుగా పోతున్న వేగమే. కానీ ఆమె ఎడమచేత్తో తలుపు పిడిని గట్టిగా పట్టుకుంది. సూది మీంచి చూపు మాత్రం తిప్పలేదు. అలా రెండు రాళ్లు దాటాక, కుడిచేత్తో ఫోన్ తీసి అక్కకు కలిపింది.

"అక్కా, వస్తున్న. అవ్, యాభై మీద."