ఎండ వెలిగించిన బ్రేకు లైటు

నంద్యాల జిల్లా అయిన మరుసటి ఏడు, ఎండాకాలంలో, నన్ను ఆళ్లగడ్డ క్యాంపు డ్యూటీకి వేసినారు. నేను నంద్యాలలో బండ్లు పరీక్ష చేసే ఆఫీసులో అటెండర్ని. కాయితాల్లో మా హోదా ఆఫీస్ సబార్డినేట్ అని ఉంటుంది. మా కింద ఇంక ఎవరూ ఉండరు. క్యాంపు అంటే, దూరం ఊర్లవాళ్లు నంద్యాల దాకా రాకుండా వారానికొకరోజు ఇన్‌స్పెక్టరే వాళ్ల ఊరికి పోయి బండ్లు చూడటం. ఇన్‌స్పెక్టరు, కంప్యూటరు పెట్టుకున్న ఒక గుమాస్తా, నేను, ముగ్గురమే పోతాము. అప్పటికి నాకు ఎనిమిది నెలల సర్వీసు మిగిలి ఉంది.

చదవటం, రాయటం నాకు నలభై దాటినాక వచ్చింది. ఉద్యోగంలో చేరినప్పుడు వేలిముద్రే. బండ్ల పలకల మీద అంకెలు ముందు నేర్చుకున్నాను, తర్వాత ఒక గుమాస్తా పనికిరాని ఫారాల వెనక అక్షరాలు దిద్దించినాడు. అందుకని నా రాత ఇప్పటికీ ఫారం నింపినట్టే ఉంటుంది. చదివేవాళ్లు ఓర్చుకోండి.

నా పని లైట్లు. అది ఎట్లా జరుగుతుందో చెప్తాను. మోటారు సైకిలుకు పదైదేండ్లు నిండితే ఆర్సీ, అంటే రిజిస్ట్రేషన్ కాయితం, ముగిసిపోతుంది. మళ్లీ అయిదేండ్లకు పొడిగించుకోవాలంటే ఇరవై ఐదో నంబరు ఫారం పెట్టి, బండిని తెచ్చి చూపించాలి. ఇన్‌స్పెక్టరు బండికి ముందర నిలబడతారు. నేను వెనక. ముందరికి ఎర్ర దీపం కనపడగూడదు, వెనక్కి తెల్ల దీపం కనపడగూడదు, అది మొదటి లెక్క. తర్వాత ఎడమ ఇండికేటరు, కుడి ఇండికేటరు, ఆఖరుకు బ్రేకు. బ్రేకు పడితే వెనక లైటు వెలగాలి. వెలిగితే నేను చెయ్యెత్తుతాను. ఇన్‌స్పెక్టరు ఆ చెయ్యి చూసి కాయితం మీద టిక్కు పెడతారు. అంతే. ఎన్ని వేల బండ్లకు ఎత్తినానో నాకు తెలీదు. నిద్రలో గూడా చెయ్యి లేస్తుందని మా ఇంటామె అనేది.

బండి తోలేవాడు తన దీపాలన్నీ ఏదో ఒక విధంగా చూసుకోగలడు. బ్రేకు లైటు మాత్రం చూసుకోలేడు. వెనక కూచున్న మనిషికీ కనపడదు. వెనక వచ్చే లారీవానికే కనపడుతుంది. దానికోసమే నా బోటివాడు వెనక నిలబడేది.

క్యాంపు జరిగేది ఊరి చివర ఒక పాత గోడౌను ఆవరణలో. గోడకు అవతల శిల్పాలు చెక్కే కొట్టాలు. పొద్దున మొదలైతే ఉలి చప్పుడు ఆగదు. ఒకటి ఆగితే ఇంకొకటి అందుకుంటుంది. మధ్యాహ్నానికి రాతిపొడి లేచి ఆవరణంతా తెల్లగా తేలుతుంది. ఎండ ఆ పొడిలో పడి, బండ్లు, మనుషులు, గేటు, అన్నీ నీళ్లలో ఉన్నట్టు కదులుతాయి. ఆ చప్పుడు వింటా, ఆ వెలుతురులో నిలబడితే, కండ్లు తెరిచే ఉంటాయి గానీ మనిషి యాడికో పోతాడు. నేను చాలాసార్లు పోయినాను.

ఆ రోజు ఆఖరు బండి యోహానుది. యోహాను ముందు రాళ్లు మోసే పని చేసినాడు. ఒక బండరాయి జారి కుడికాలు మోకాలి కింద పోయింది. బండికి రెండు పక్కలా చిన్న చక్రాలు కట్టించి, కాలితో తొక్కే వెనక బ్రేకును చేతికి మార్పించుకున్నాడు. చాగలమర్రి దారిలో ఒక పత్తి మిల్లులో గేటు కాపలా. భార్య మార్తమ్మ అదే దారిలో బడిపిల్లలకు వంట చేస్తుంది. ఇద్దరూ రోజూ పెద్ద రోడ్డు మీదనే పోవాలి, రావాలి. ఆర్సీ నాలుగు రోజుల్లో ముగుస్తుంది. ముగిస్తే ఆ బండి రోడ్డెక్కగూడదు. ఆటోలు మారి పోవాలంటే ఆయన కర్రలతో ఎక్కి దిగలేడు.

ఇన్‌స్పెక్టరు చిన్న వయసు మేడమ్, కోస్తా నుంచి వచ్చింది. బండిని చుట్టూ చూసి, పక్కచక్రాల మీద పెట్టిన నీలం దీపాలు పీకెయ్యమనింది.

యోహాను, "రోంత అందంగా ఉంటాయని పెట్టిస్తి మేడమ్" అన్నాడు.

"అందం ఎవురికప్పా? నువ్వు ముందర చూస్తాంటావు, నేను నీ వీపు చూస్తాంటా" అని వెనక కూచున్న మార్తమ్మ తానే దిగి, వైర్లు పట్టి లాగేసి, దీపాలు సంచిలో వేసుకుంది. మేడమ్ నవ్వింది.

తర్వాత ఇండికేటర్లు అయినాయి. మేడమ్ బ్రేకు పట్టమనింది. నేను వెనక ఉన్నాను. ఉలి చప్పుడు వినపడతాంది. తెల్లపొడి తేలతాంది. లైటు ఎర్రగా నిండుగా కనపడింది. చెయ్యెత్తినాను. మేడమ్ టిక్కు పెట్టింది.

నేను గేటు తీసేదానికి పోయినాను. గేటు దగ్గర వేపచెట్టు నీడ. అక్కడ గతుకు ఉంది. యోహాను బండిని నీడలోకి తెచ్చి, గతుకు ముందర బ్రేకు పట్టి నిలిపి, మెల్లగా దాటించుకుని పోయినాడు. బండి ఆగింది. లైటు వెలగలేదు. నల్లగా, చల్లారిన బొగ్గు మాదిరి ఉంది. నేను గేటు పట్టుకుని నిలబడిపోయినాను. ఎండ ఎర్ర అద్దం మీద నేరుగా పడితే లోపల బల్బు లేకపోయినా వెలిగినట్టు ఉంటుంది. ఈ పనిలో ఉన్నవానికి అది మొదటి నెలలోనే తెలుస్తుంది. అందుకే తువ్వాలు అడ్డం పట్టి నీడ చేసి చూడాల. ఆ రోజు తువ్వాలు నా భుజం మీదనే ఉంది.

చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. ఎనిమిది నెలల సర్వీసు. ఈ ఆలోచన నాకు రాలేదని అబద్ధం రాయను. కానీ మార్తమ్మ కూచునేది సరిగ్గా ఆ లైటు మీదనే. లారీ వస్తే ముందు తగిలేది ఆమెకే. మేడమ్ దగ్గరకు పోయి, లైటు వెలగలేదు, నేను ఎండను చూసి చెయ్యెత్తినాను అని చెప్పినాను.

మేడమ్ పెన్ను కింద పెట్టింది. కోప్పడలేదు. "ఇంతకుముందు ఎన్నిసార్లు ఇలా ఎత్తారు బాబాయ్?" అనింది.



ఫారం మీద ఉన్న ఫోను నంబరు చూసి నేనే చేసినాను. వాళ్లు బస్టాండు దగ్గర ఉన్నారు, తిరిగి వచ్చినారు. చెట్టు నీడలో పెట్టించి మళ్లీ బ్రేకు పట్టమన్నాము. లైటు లేదు. యోహాను నమ్మలేదు. వెనక్కి వంగి చూడబోయినాడు, బ్రేకు మీది చెయ్యి వదలందే ఆ లైటు ఆయనకు కనపడదు.

సంగతి ఏందంటే, బ్రేకు లైటు వెలిగించే చిన్న స్విచ్చి కాలి పెడలు దగ్గర ఉంటుంది. మెకానిక్కు బ్రేకును చేతికి మార్చినప్పుడు పెడలుతో పాటు ఆ స్విచ్చిని గూడా తీసేసినాడు. పాత బండి కాబట్టి ముందర బ్రేకుకు స్విచ్చి మొదటి నుంచీ లేదు. ఇంక లైటు వెలిగేదానికి దారే లేదు.

"ఎప్పుడు మార్పించినావ్?" అని అడిగినాను.

"కాలు పోయిన మరుసటేడే. మూడేండ్లాయ. అప్పుట్నుంచి ఆ వైర్లను ఎవురూ ముట్టలే."

బండిలో మార్పు చేస్తే అప్పుడు గూడా ఇన్‌స్పెక్టరుకు చూపించి ఆర్సీలో ఎక్కించుకోవాలి. అది నంద్యాలలో జరిగింది. ఆ దినం వెనక ఎవరు నిలబడినారో మార్తమ్మ చెప్పింది.

"నువ్వే గదప్పా. ఈ పచ్చ తువ్వాలే ఉండె నీ భుజాన. అప్పుడూ చెయ్యెత్తితివి. మేము శానా సంతోషంగా పోతిమి."

నాకు ఆ దినం గుర్తుకు రాలేదు. ఎంత తలుచుకున్నా ఒక ఎర్ర వెలుగు కనపడుతుంది, మనుషులు కనపడరు. ఆ వెలుగు ఏ బండిదో, ఏ ఎండదో.

"మూడేండ్లు ఏమీ గాలేదంటే దేవుడు చూసినాడు. నువ్వు చూడలే" అనింది మార్తమ్మ. గట్టిగా గూడా అనలేదు. కూరలో ఉప్పు లేదని చెప్పినట్టు చెప్పింది.

మేడమ్ ముందు పెట్టిన టిక్కును కొట్టేసి, కారణం రాసి, పక్కన సంతకం పెట్టింది. ఫెయిలైన బండిని బాగుచేసుకుని మళ్లీ క్యాంపుకు తేవాలి. అప్పటికి ఆర్సీ ముగిసిపోయి ఉంటుంది. ఆ నడుమ మూడు దినాలు యోహాను పనికి పోలేదు. మార్తమ్మ ఆటోలో పోయింది. మిల్లువాళ్లు ఇంకొకణ్ణి చూసుకుంటామన్నారంట. అది గూడా మూడేండ్ల కింద ఎత్తిన నా చెయ్యి చేసిన పనే.

స్విచ్చి సంగతి నేను చూసినాను. ఆళ్లగడ్డలో తెలిసిన ఎలక్ట్రీషియన్ను పిలుచుకుని వాళ్ల ఇంటికి పోయి, రెండు చేతి బ్రేకులకూ స్విచ్చిలు పెట్టించినాను. మార్తమ్మ మజ్జిగ ఇచ్చింది.

తర్వాతి క్యాంపులో అదే ఆవరణ, అదే ఉలి చప్పుడు, అదే పొడి. తువ్వాలు లైటు మీద గుడారం మాదిరి పట్టి, తల లోపలికి పెట్టినాను. లోపల చీకటి. "పట్టు" అన్నాను. వెలిగింది. "వదులు" అన్నాను. ఆరింది. మళ్లీ పట్టమన్నాను, మళ్లీ వదలమన్నాను.

"ఎన్నిసార్లప్పా, తీగ అరిగిపోతాది" అన్నాడు యోహాను.

"చూడనీ. మూడేండ్ల బాకీ" అనింది మార్తమ్మ.

చెయ్యెత్తినాను. ఆర్సీని అయిదేండ్లకు పొడిగించినారు. యోహాను పని పోలేదు. నాకు ఒక మెమో వచ్చింది, సంజాయిషీ రాసిచ్చినాను, సర్వీసు రిజిస్టరులో ఉంది. మేడమ్ ఆ వారం నుంచి బ్రేకు లైటు తానే వెనక్కి వచ్చి ఒకసారి చూసేది. నేను ఏమీ అనుకోలేదు. చూడాల్సిందే.

ఇప్పుడు ఈ పని చాలాచోట్ల మిషన్లు చేస్తున్నాయంటారు. మంచిదే. అయినా యాడైనా ఒక మనిషి బండి వెనక నిలబడి ఉంటాడు గాబట్టి ఇది రాస్తున్నాను. దీపం వెలగటం ఒక్కటే చూస్తే అది పరీక్ష గాదు. ఆరటం గూడా చూడాల. ఆరకుండా వెలుగుతా ఉంటే అది దీపం గాదు, ఎండ. మిగిలిన ఎనిమిది నెలలూ నేను అట్లనే చూసినాను. ముందరి ఇరవై ఏడేండ్లలో ఎన్నింటిని అట్లా చూడలేదో నాకు తెలీదు. ఆ బండ్లు ఇంకా రోడ్ల మీదనే ఉన్నాయి.