మామ వీలునామాకు సాక్షులు

మా మేనమామ పోయిన పదకొండో దినం నాడు, విస్తర్లు వేయకముందే, చొప్పదండిలో ఆయన ఇనుప పెట్టె తెరిచారు. తెరిచింది ఆయన అన్న కొడుకుల్లో పెద్దవాడు. బట్టల కింద వీలునామా దొరికింది. రాత మామదే, సంతకమూ మామదే. దాని కింద సాక్షుల కోసం గీసిన రెండు గీతలు ఖాళీగా ఉన్నాయి.

పెద్దవాడు కాగితం రెండుసార్లు చదివి, గొంతులో తగినంత దుఃఖం నింపుకుని అన్నాడు: "కాక రాతే గిది, నేను కాదంటలేను. కని సాక్షులు లేరు గద. కానూన్ల చెల్లది."

అతనికి చట్టం మీద అంత గౌరవం ఉందని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు.

మామ పెంచుకున్న కూతురు గోడకు ఆనుకుని నిలబడి వింటోంది. మామకు పిల్లలు లేరు. మూడేళ్ల వయసులో ఆమెను తెచ్చి ఆయనా అత్తా పెంచుకున్నారు. దత్తత కాగితాలేవీ లేవు. పిల్ల కళ్ల ముందు తిరుగుతుంటే కాగితమెందుకని ఊరు అన్నది, వాళ్లు నమ్మారు. అత్త పోయాక మామకు వండి పెట్టిందీ, మందులిచ్చిందీ ఆమే. ముందు గదిలో కుట్టు మిషన్ పెట్టుకుని బతుకుతోంది. ఆ ఇల్లు ఆమెకే దక్కాలని మామ వీలునామా రాశాడు.

రాయమని వెంటపడింది నేనే. పత్రికలో పనిచేసిన రోజుల్లో దీని మీద ఎన్నో వ్యాసాలు రాశాను. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం మీద రాసుకుని ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించుకుంటే చాలని. ఆ ఇద్దరూ ఎక్కడ దొరుకుతారో మాత్రం ఎప్పుడూ రాయలేదు.

మామ చావుకు భయపడే మనిషి కాదు. గోడకు తగిలించే ఫోటో ముందే పెద్దది చేయించుకున్నాడు. దినం నాటి వంట కూడా చెప్పి పెట్టాడు: "యాటను కొయ్యిండ్రి. బాయిలర్ కోడి పెట్టి నా ఇజ్జత్ తియ్యకుండ్రి." ఊరు మెచ్చుకుంది.

సాక్షి సంతకం అడిగేసరికి మాత్రం అందరికీ పనులు గుర్తొచ్చాయి. రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర టీ తాగబోయి, ముక్కూ మొహం తెలియనివాళ్ల భూమికి సాక్షి సంతకం పెట్టి వచ్చే మనుషులు వీళ్లు. పక్కింటాయన మామకు వరసకు బావమరిది. పెన్ను చేతిలో పెట్టగానే నిప్పు ముట్టుకున్నట్టు వెనక్కిచ్చాడు.

"బావా, పెండ్లి కాయితమైతే పది సంతకాలు పెడ్త. సావు కాయితం మీద నన్నడగకు."

"సావు నాది గదనే. నీకేం ఫికర్?"

"నీకేమైతది, నూరేండ్లుంటవ్."

"నూరేండ్లైనంక పెడ్తవా మరి?"

"గప్పుడు జూద్దాం తియ్."

మూఢనమ్మకాల మీద బడిపిల్లలకు ఉపన్యాసాలిచ్చిన రిటైర్డు సారు అమావాస్య దాటనిమ్మన్నాడు. అమావాస్యలు చాలానే దాటాయి.

ఇక నేను. "ఏమోయ్ అల్లుడా, పేపర్ల రాస్తివి గద, వచ్చి సంతకం పెట్టరాదు?" అని మామ ఫోన్ చేశాడు. వెళ్లాను. కాగితం ముందుంచాడు. నా జేబులో రెండు పెన్నులున్నాయి. ఆ రోజు మంగళవారం. వారాల పట్టింపు నాకెప్పుడూ లేదు, అప్పుడే కొత్తగా కలిగింది.

"రెండో సాక్షిని దొరకనియ్ మామా, ఇద్దరం ఒక్కసారే పెడ్తం" అన్నాను.

చట్టం అట్లా అడగదని నాకు తెలుసు. మామకు తెలియదు, నమ్మాడు. ఎండాకాలంలో నిద్రలోనే పోయాడు.

మామ అన్న, చెల్లెలైన మా అమ్మ ముందే పోయారు. కాబట్టి ఇల్లు ఇప్పుడు ముగ్గురికి వస్తుంది: అన్న కొడుకులిద్దరికి, చెల్లెలి కొడుకునైన నాకు. సంతకం పెట్టనందుకు నాకు దక్కిన వాటా అది.

భోజనాలయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చింది. "బావా, పెండ్లోళ్ల జాకెట్లు ఒప్పుకున్న. ఇల్లు ఖాళీ జెయ్యమంటే మిషన్ ఏడికి తీస్కపోను? జర జెప్పు."

నా వాటా ఆమెకు రాసిస్తానని అన్నదమ్ములిద్దరికీ చెప్పాను. పెద్దవాడు మంచిదే అన్నాడు; తన వాటా మాట ఎత్తలేదు. చిన్నవాడు దుబాయ్‌లో ఉన్నాడు. సెలవు దొరికితే వచ్చి మాట్లాడతానన్నాడు, ఎప్పుడో చెప్పలేదు. ఆమె ముందు గదిలోనే కుడుతోంది. ఆ గది ఎవరిదో ఇంకా తేలలేదు.