నూతిలో పడ్డ క్యానూ, నియోడిమియమూ

మొన్న వేసవిలో ఓ మధ్యాహ్నం పోయిన కరెంటు సాయంత్రమైనా రాలేదు. పాలు విరిగిపోతాయని క్యానుకి తాడు కట్టి నూతిలోకి, నీళ్ల మట్టం దాకా దించాను. ఫ్రిజ్‌లు రాకముందు మా కోనసీమలో అందరూ చేసిన పనే. ముడి సరిగ్గా పడిందో లేదో లాగి మరీ చూసుకున్నాను. కరెంటు వచ్చాక పైకి లాగితే తాడు ఒక్కటే వచ్చింది.

ఆ స్టీలు క్యాను మా అత్తగారిది. దాని మెడ మీద ఆవిడ పేరు చెక్కించి ఉంటుంది. ఆవిడ పోయి ఇంకా ఏడాది కాలేదు. పుట్టింట్లో ఏం కావాలన్నా తీసుకోమంటే మా ఇంటావిడ తెచ్చుకున్నది అదొక్కటే. తాడు చూసి తను నూతి గట్టు పట్టుకుని లోపలికి వంగి చూసింది.

నూతిలో పడ్డవాటిని తీయడానికి పాతాళగరిగె అని ఒకటుంటుంది. చుట్టూ కొక్కేలున్న ఇనప గుత్తి. మాకూ ఉండేది. కొన్నేళ్ల కిందట బకెట్టు తీయబోతే తాడు తెగి అదీ లోపలికే పోయింది. ఇరుగుపొరుగుని అడిగితే, మోటార్లు పెట్టించుకున్నాక పాత ఇనుముకి వేసేశామన్నారు. ఉద్యోగమంతా ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, కొక్కేల కోసం వీధులు తిరగడమేమిటనిపించింది. ఆన్‌లైన్‌లో నియోడిమియం అయస్కాంతం తెప్పించాను.

అది వచ్చిన రోజున మా బావమరిది రాజోలు నుంచి దిగేడు. పోయిన క్యాను అతని తల్లిది కూడా కదా.

"ఇంత బిళ్లకి అంత బరువు లేస్తుందా బావగారూ?"

అడిగేడు కనుక చెప్పాను. అరుదైన మృత్తిక లోహాలంటారు గానీ నియోడిమియం అంత అరుదేమీ కాదు, భూమిలో సీసం కన్నా ఎక్కువే ఉంది. తోటి లోహాల నుంచి దాన్ని విడదీయడమే కష్టం. మన సముద్రపు ఒడ్డు నల్ల ఇసుకలోనూ కాస్త ఉంటుంది. వెండిలా మెరుస్తుంది, గాలి తగిలితే మసకబారిపోతుంది. ఇనుమూ బోరానూ కలిపితే దీన్ని మించిన అయస్కాంతం లేదు. కరెంటు స్కూటర్ల మోటార్లలో, గాలిమరల్లో, సెల్‌ఫోను స్పీకర్లో ఉండేది ఇదే. బాగా వేడెక్కితే మాత్రం బలం పోతుంది. తుప్పు పట్టకుండా పైన నికెల్ పూత వేస్తారు.

"ఆయ్," అన్నాడు బావమరిది. "ముందు నూతిలోకి దించండి."

దించాం. మొదట తుప్పు పట్టిన కొడవలి వచ్చింది. తరవాత అడుగూడిన ఇనప బకెట్టు, గొలుసు ముక్క, ఎవరిదో సైకిలు పెడలు. మా నూతిలోకి సైకిలు పెడలు ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు. క్యాను మాత్రం రాలేదు.

"మా అమ్మది తప్ప ఊళ్లోవాళ్లవన్నీ వస్తున్నాయండి," అన్నాడు బావమరిది.

అప్పుడు మా ఇంటావిడ వంటింట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చి అయస్కాంతానికి ఆనించింది. అంటుకోలేదు. పళ్లెం తెచ్చింది. అదీ అంటుకోలేదు.

"ఎందుకంటుకోదండీ?" అంది.

"స్టెయిన్‌లెస్ స్టీలు కదా. అందులో నికెల్ కలుపుతారు. దాంతో లోపల ఇనుము అమరిక మారిపోయి అయస్కాంతానికి లొంగదు."

"ఈ సంగతి మీకు ఇప్పుడు తెలిసిందా?"

"లేదు. ఏటా పిల్లలకి చెప్పేవాణ్ణే."

"ఏటా చెప్పేరా," అంది తను. బావమరిది కొబ్బరిచెట్టు మొవ్వు కేసి చూస్తూ నిలబడ్డాడు.

ఆ గ్లాసు తీసుకుని తను లోపలికి వెళ్లిపోయింది. ఊరికే నిలబడలేక ఇంకోసారి దించాను. ఈసారి బరువుగా తగిలింది. ఇద్దరం కలిసి లాగితే అయస్కాంతానికి కరుచుకుని పైకి వచ్చింది మా పాతాళగరిగె.

బావమరిది కొత్త తాడు తెచ్చేడు. ముడి తనే వేసేడు, నన్ను వేయనివ్వలేదు. నూతి అడుగున కాసేపు దేవేసరికి ఒక కొక్కెం క్యాను పిడికి తగులుకుంది.

మా ఇంటావిడ మూత తీసి, విరిగిన పాలు చెట్టు మొదట్లో పారబోసి, చింతపండుతో తోమింది. పేరున్న చోట మాత్రం వేలితోనే రుద్దింది. పాతాళగరిగెని ఆరబెట్టి దూలానికి తగిలించింది. అయస్కాంతం పక్కన పెట్టబోతే కిటికీ ఊచకి కరుచుకుపోయింది, బావమరిదీ నేనూ లాగినా రాలేదు. దాన్ని అక్కడే వదిలేశాం.

క్యాను నియోడిమియం వల్లే దొరికిందని ఆ రోజు డైరీలో రాశాను. అబద్ధమేమీ లేదు. బల్ల మీద కాఫీ పెడుతూ తను అది చదివింది.

"రేపటి నుంచి పాలు ఆ క్యానులోనే తెండి," అంది. "కరెంటు పోతే కాచేసుకుందాం."